వెనక నిలబడే మనిషి

రూబే,
15 సెప్టెంబరు 1974

మిరేయ్,

క్షేమంగా చేరాం. చేరి మూడు వారాలైనా ఆ మాట రాయడానికి కూడా మనసొప్పలేదు. ఓలెరాన్ దీవి నుంచి మా ఊరిదాకా పదకొండు గంటల దారిలో మా ఫెర్నాన్ నోరు విప్పింది రెండే రెండు సార్లు. ఒకసారి పెట్రోలు పోయించడానికి, ఇంకోసారి మగపిల్లలిద్దర్నీ కసరడానికి. కారుకి తగిలించి లాక్కొచ్చిన మా చక్రాల ఇల్లు, ఆ క్యారవాన్ వెనక కిటికీ పగిలిన చోట అట్టముక్క పెట్టి తాళ్లు కట్టాడు కదా, అది దారి పొడుగునా పటపటా కొట్టుకుంటూనే ఉంది. ఒక్కో దెబ్బకీ మా ఆయన దవడ బిగుసుకునేది.

పన్నెండేళ్లు! పన్నెండు ఆగస్టులు ఆ దీవి క్యాంపులో మన రెండు క్యారవాన్లూ పక్కపక్కనే ఉన్నాయి. ముప్పై ఏడో నంబరు స్థలం మీది, ముప్పై ఎనిమిది మాది, మధ్యలో ఇద్దరికీ ఒకటే పందిరి. ఆ పందిరిని మా మిల్లు గుడ్డతో నేనే కుట్టాను, నీ సగం నా సగం కలిపి. మా ఆయన కత్తి పెట్టి ఆ కుట్టు విప్పేస్తుంటే నువ్వు మీ గుమ్మంలో నిలబడి చూశావు, నేను బల్ల దగ్గర నిలబడి చూశాను. ఇద్దరం నోరెత్తలేదు. ఎందుకు ఎత్తలేదే?

ఇంతా చేసి దేనికి గొడవ? వానకి మా స్థలంలో నీళ్లు నిలిచాయి, క్యారవాన్‌ని వెనక్కి నడిపి గట్టు మీదికి ఎక్కించాలి. ఎప్పటిలాగే మీ గాస్టన్ వెనక నిలబడ్డాడు. వెనక నిలబడ్డ మనిషి ఏ చెయ్యి ఎత్తితే క్యారవాన్ తోక ఆ వైపు పోవాలి, మొదటి ఏటి నుంచీ వాళ్లిద్దరి లెక్క అదే. గాస్టన్ కుడి చెయ్యి ఎత్తాడు. కుడివైపు పైన్ చెట్టుంది. కిటికీ పోయింది. పోతే పోయింది, గాజుముక్కే కదా! దానికి మా ఆయన దిగొచ్చి, వరసలో ఉన్న వాళ్లందరి ముందూ, మీ అమ్మాయి నదీన్ ముందూ, "పొద్దున్నే తాగి చచ్చావా" అని అరవాలా? గాస్టన్ తన చేతినే చూసుకుంటూ నిలబడిపోయాడు. ఆ మొహం నాకింకా కళ్ల ముందే ఉంది.

సరే, అయిందేదో అయింది. వచ్చే ఆగస్టుకి వీళ్లిద్దర్నీ కలపాలి. నాకు బండి నడపడం రాదు, నీకూ రాదు. వీళ్లు స్టీరింగు పట్టుకుంటేనే మనకి సముద్రం. ఏడాదికి మూడు వారాలు నీతో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ కబుర్లు చెప్పుకోవడానికే మిగతా నలభై తొమ్మిది వారాలు నేను ఈ నూలు దుమ్ము మింగుతున్నాను. అక్కడ గాస్టన్‌ని మెత్తబెట్టే పని నీది, ఈ మొండిఘటం పని నాది. ఏమంటావు?

నీ
ఒడెట్

లిమోజ్,
13 అక్టోబరు 1974

ఒడెట్,

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఆ రోజు నేనూ నోరెత్తలేదు, అది నన్నూ తింటోంది.

గాస్టన్‌తో నీ మాట ఎత్తాను. "ఫెర్నాన్‌ని కోపంగా ఉండనీ" అన్నాడు. అంతే. ఆ మాట మీదే ఉన్నాడు. ఫ్యాక్టరీలో కూడా కొంచెం చికాకుగా ఉంది. పింగాణీ పళ్లేల అంచుకి బంగారు గీత గీసే పని నుంచి తీసేసి, పళ్లేలకి గడ్డి చుట్టి పెట్టెల్లో సర్దే పనికి మార్చారు. ఇరవై రెండేళ్లు ఆ గీత గీశాడు. ఆ పని మీద బెంగతో ఉన్నాడు, కాబట్టి ఇప్పుడు ఎక్కువ కదపలేను.

నదీన్ బాగుంది. మీ అబ్బాయిలు దానికిచ్చిన గవ్వల డబ్బా మంచం కింద దాచుకుంది. ఇల్లంతా సముద్రం కంపు కొడుతోంది, పారేయనివ్వదు.

ఆగస్టు చాలా దూరం ఉంది ఒడెట్. చూద్దాం.

మిరేయ్

రూబే,
8 డిసెంబరు 1974

మిరేయ్,

చూద్దాం అంటే కుదరదమ్మా! ఇక్కడ పరిస్థితి చేయి దాటిపోతోంది. ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన ఒక మ్యాపు తెచ్చి సూప్ గిన్నె పక్కన పరిచాడు. ఆర్డెన్ కొండల్లో ఏదో చెరువట. ఇక్కడికి మూడు గంటలే దారట.

"చెరువేమిటి?" అన్నాను.

"నీళ్లే కదా" అన్నాడు.

"ఉప్పు నీళ్లు కావాలి నాకు. అలలు కావాలి."

"గిన్నెలో ఉప్పు కలుపుకో."

"మిరేయ్ కావాలి నాకు!"

మ్యాపు మడత పెట్టాడు, దాని అంచు సూప్‌లో మునిగింది. మా చిన్నాడు పకాలున నవ్వాడు, వాడికి తిట్లు పడ్డాయి. పెద్దాడు మాత్రం నిబ్బరంగా, "చెరువు దగ్గర ఆల్చిప్పలు ఎవరు కాలుస్తారు?" అని అడిగాడు. అదీ మాట! మీ గాస్టన్ చెక్కబల్ల మీద ఆల్చిప్పల్ని ఒక్కొక్కటిగా నిలబెట్టి, గుండ్రంగా పేర్చి, మీద ఎండు పైన్ ఆకులు పోసి అంటిస్తే, మంట భగ్గున లేచి ఆరేసరికి వేళ్లు నల్లబడేలా తినే ఆ తిండి ఇంకెవరి చేతిలో కుదురుతుంది? మా ఆయన ఒక ఏడాది ప్రయత్నించి బల్లే కాల్చేశాడు.

నా ప్రయత్నం నేను చేస్తూనే ఉన్నాను. పందిరిలో నా సగానికి అంచు మళ్లీ కుట్టి, కొత్తగా కన్నాలు వేసి ఇత్తడి రింగులు బిగించాను. నీ సగం విప్పి ఎలుకలు కొట్టాయేమో చూసుకో. పెద్ద మూకుడు ఈసారి నేను తెస్తాను, జల్లెడ నువ్వు తే. మీ మడత కుర్చీల్లో ఎర్రది తెగింది, దాన్ని గాస్టన్‌ని నేయమను. చేతికి పనుంటే కోపం తగ్గుతుంది.

క్రిస్మస్‌కి మీ ముగ్గురికీ ముద్దులు. ఆ మొండివాడి వాటా కూడా నేనే రాస్తున్నాను.

ఒడెట్

లిమోజ్,
12 జనవరి 1975

ఒడెట్,

ఒక మంచి కబురు. క్యాంపుకి ఉత్తరం వెళ్లింది. జనవరి పదో తారీఖు లోపు పోస్టులో పడకపోతే స్థలాలు వేరేవాళ్లకి ఇచ్చేస్తుందని తెలుసు కదా ఆ క్యాంపు కావలామె సంగతి. ఈ ఏడు రాయాల్సిన వంతు మాది. నేను రాస్తానంటే గాస్టన్ ఒప్పుకోలేదు, తనే కూర్చుని రాశాడు. ఒక పూటంతా పట్టింది. రాశాక నాకు చూపించాడు. నేనేమీ చెప్పకుండానే రెండు నంబర్లూ రాశాడు, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. ఆగస్టు ఒకటి నుంచి మూడు వారాలు.

"ఫెర్నాన్ రాకపోతే?" అన్నాను.

"వస్తాడు. వాడికి క్యారవాన్ వెనక్కి నడపడం నేను లేకుండా చేతకాదు" అన్నాడు.

నవ్వాడు కూడా. ఈ మాట ఫెర్నాన్‌కి చెప్పకు.

మిరేయ్

రూబే,
9 ఫిబ్రవరి 1975

మిరేయ్, నా బంగారు తల్లీ,

చెప్పకు అన్నావు, చెప్పేశాను. నా నోరు సంగతి నీకు తెలియనిదా! మా ఆయన షెడ్డులో క్యారవాన్ చక్రం విప్పుకుంటున్నాడు. వెనకనుంచి వెళ్లి, "రెండు స్థలాలూ గాస్టనే అడిగాడట, తన చేత్తో రాసి" అన్నాను. "తను లేకుండా నీకు వెనక్కి నడపడం చేతకాదన్నాడట" అని కూడా అన్నాను.

చేతిలో స్పానరు కింద పెట్టాడు. "ఆ మాట అన్నాడా?"

"అన్నాడు."

"వాడికి కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెలీదు గానీ నన్ను అంటాడా!" అన్నాడు. కానీ తిట్టు తిట్టులా లేదే. మూతి పక్కన నవ్వు ఆపుకుంటున్నాడు. ఇన్నేళ్లుగా ఆ మూతిని చూస్తున్నాను, నాకు తెలియదా? బయటికి మాత్రం, "నేను రానని రాయి" అన్నాడు. రాసేశాను. నువ్వు నమ్మకు. మర్నాడు టేపు పట్టుకెళ్లి పగిలిన కిటికీ కొలత తీసుకోవడం వంటింట్లోంచి చూశాను.

ఒక్క సందేహం. క్రిస్మస్ కార్డు మీద గాస్టన్ బొమ్మ లేదు. ఏటా నీ సంతకం కింద చిన్న ఆల్చిప్ప గీసేవాడు కదా, ఈసారి ఉత్త కాగితమే. మా చిన్నాడు అటూ ఇటూ తిప్పి వెతికాడు. కోపం మా ఆయన మీదయితే పిల్లలకి బొమ్మ మానేయాలా? గట్టిగా అడుగు ఆయన్ని, ఒడెట్ అడిగిందని చెప్పు.

ఒడెట్

లిమోజ్,
30 మార్చి 1975

ఒడెట్,

జవాబు ఆలస్యమైంది, క్షమించు. ఇక్కడ పనులు ఎక్కువయ్యాయి.

గాస్టన్ ఫెర్నాన్ గురించి అన్న మాట అదే, ఇక మార్చడు. నన్ను మళ్లీ అడగకు.

ఒక సహాయం కావాలి. ఎవరు అడిగారో చెప్పకుండా ఫెర్నాన్‌ని కనుక్కుని రాయి. క్యారవాన్ చక్రాల్లో గాలి ఎంత ఉండాలి? బరువైన సామాను ముందు పెట్టాలా, మధ్యలోనా, వెనకా? స్థలంలో నిలిపాక క్యారవాన్ ఊతకాళ్లు మొదటే దించాలా, లేక రసమట్టం పెట్టి చూశాక దించాలా? కారు నుంచి తప్పించే కొక్కెం బిగుసుకుపోతే దానికేం రాస్తారు?

నదీన్ బాగా పొడుగెదిగింది. వాళ్ల నాన్న వానకోటు దానికి సరిపోతోంది.

మిరేయ్

రూబే,
20 ఏప్రిల్ 1975

మిరేయ్,

అబ్బో, అబ్బో! అడగాల్సింది ఆయన, అడిగేది నువ్వు, తెలుసుకోవాల్సింది మా ఆయన దగ్గరా? నేరుగా నాలుగు ముక్కలు రాయడానికి మీ గాస్టన్‌కి నామోషీ అడ్డొచ్చిందా? మగాళ్ల బింకానికి మనమా పోస్టు బంట్రోతులం! చదివి పడీపడీ నవ్వాను.

ఎవరు అడిగారో చెప్పలేదు. చెప్పకపోయినా మా ఆయన పట్టేశాడు. "చక్రాల్లో గాలి ఎంతుండాలో గాస్టన్‌కి తెలియదా? నాకు నేర్పిందే వాడు" అన్నాడు. మళ్లీ తనే, "వాడు నాతో మాట కలపడానికి సాకు వెతుకుతున్నాడు" అన్నాడు. ఈల వేసుకుంటూ షెడ్డులోకి పోయాడు మిరేయ్! ఈల! ఆగస్టు తర్వాత ఇదే మొదలు. ఆర్డెన్ మ్యాపు కప్పు కింద వేసుకుని కాఫీ తాగుతున్నాడు.

జవాబులు ఇవిగో, మా ఆయన చెప్పింది చెప్పినట్టు. గాలి సంగతి చక్రం మూత లోపలి వైపు గాస్టన్ రంగుతో రాసుకున్న అంకె చూసుకోవాలట. బరువంతా సరిగ్గా ఇరుసు మీద పెట్టాలి, వెనక పెడితే దారిలో తోక ఊపుతుంది. నిలిపాక మొదట చక్రాలకి అడ్డం కట్టెలు, తర్వాత రసమట్టం, ఆఖర్న కాళ్లు. కొక్కేనికి ఏ నూనె అయినా ఫరవాలేదట. "ఇంకేమైనా ఉంటే వాణ్నే రాయమను, నేను కొరకను" అన్నాడు.

విన్నావా? గెలిచాం మనం!

ఒడెట్

లిమోజ్,
18 మే 1975

ఒడెట్,

ఈసారి మేం రావడం కుదరకపోవచ్చు. కారణం అడక్కు. నీ మీద గానీ ఫెర్నాన్ మీద గానీ కోపంతో కాదు. మీరు వెళ్లండి, రెండు స్థలాలూ మన పేరు మీదే ఉన్నాయి. పందిరిలో నా సగం రైల్లో పంపుతాను, కలిపి కుట్టుకో, నీకు నీడ ఎక్కువొస్తుంది.

ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇప్పటికీ తెలియడం లేదు.

మిరేయ్

రూబే,
1 జూన్ 1975

గాస్టన్,

ఉత్తరాలు రాయడం నాకు రాదు. మీ ఆవిడ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ ఒడెట్ ఏడుస్తోంది. నువ్వు రానంటున్నది నా వల్లే అని నాకు తెలుసు.

కిటికీకి కొత్త అద్దం బిగించాను. నీళ్లు కారడం లేదు.

ఆ రోజు తాగావని అన్నాను. నువ్వు తాగలేదని నాకప్పుడే తెలుసు. అంతకు పది నిమిషాల ముందు ఒకే గిన్నెలోంచి కాఫీ పోసుకున్నాం. తెలిసే అన్నాను. స్టీరింగు నా చేతిలో ఉంది, అందరూ చూస్తున్నారు, తప్పు ఎవరి మీదైనా వేయాలనిపించింది. చెట్టు నాకు పక్క అద్దంలో మసగ్గా కనబడింది. ఆపి దిగి చూసి ఉండాల్సింది. వాన పడుతోందని బద్ధకించాను. నీ చెయ్యి ఉంది కదా అనుకున్నాను.

పందిరి కుట్టు విప్పినందుకు ఇంకా సిగ్గుగా ఉంది. అది కిటికీ కన్నా పెద్ద తప్పు.

నువ్వు రాకపోతే నేనూ వెళ్లను. ముప్పై ఎనిమిదిలోకి నాకు నువ్వు లేకుండా ఎక్కించడం రాదు, నిజమే. వెనక నువ్వే నిలబడాలి. ఏ చెయ్యి ఎత్తినా నేను ఏమీ అనను.

ఫెర్నాన్

లిమోజ్,
8 జూన్ 1975

ఒడెట్, ఫెర్నాన్, మీ ఇద్దరికీ,

గాస్టన్ పేరు మీద కవరు వస్తే తపాలా ఆయన నా చేతికిచ్చి తల దించుకుని వెళ్లిపోయాడు. తెరిచి చదివాను. ఇంక దాచలేను.

గాస్టన్ మార్చి నాలుగున చనిపోయాడు.

తలలో గడ్డ. అక్టోబరులోనే డాక్టరు చెప్పాడు. వసంతం నుంచీ పెరుగుతోందట. మీ క్యారవాన్ వెనక నిలబడ్డ రోజు కూడా అది ఉంది. ఎడమ అనుకుని కుడి ఎత్తాడు. సెప్టెంబరులో బూట్లు తారుమారుగా తొడుక్కుని ఫ్యాక్టరీకి వెళ్లాడు, పళ్లెం అంచు గీత వంకరపోయింది. అప్పుడు తెలిసింది. ఫెర్నాన్, ఆ రోజు నువ్వు అందరి ముందూ అన్నావు. నేను క్యారవాన్ తలుపు వేసుకుని లోపల అడిగాను, "నిజం చెప్పు, ఏం తాగావు?" అని. ఆయన నన్నూ అలాగే చూశాడు. కాబట్టి నీ ఒక్కడిదే కాదు ఆ తప్పు.

మీకు రాయనివ్వలేదు. "ఫెర్నాన్‌ని కోపంగా ఉండనీ. తెలిస్తే జాలి పడతాడు. జాలిపడేవాడితో పందెం పెట్టి ఇనప గుండ్లు విసిరే ఆట ఏం ఆడతాను? ఆగస్టుకి వెళ్లి నేనే చెబుతాను" అన్నాడు. ఆగస్టుకి వెళ్తానని నమ్మాడు ఒడెట్. క్యాంపు ఉత్తరం రాయడానికి ఒక పూట ఎందుకు పట్టిందో ఇప్పుడు నీకు తెలుస్తుంది. అక్షరాలు కుడి నుంచి మొదలుపెట్టేవాడు. ఆరు కాగితాలు చించాడు.

పోయాక మీకు చెప్పాల్సింది. మార్చిలో కూర్చున్నాను రాయడానికి. అంతలో నీ పాత ఉత్తరం కనిపించింది, బొమ్మ ఎందుకు గీయలేదో గట్టిగా అడగమన్నావే, అది. ఈ ఊళ్లో అందరూ ఆయన పేరెత్తితే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. మీ ఇంట్లో మాత్రం ఆయన్ని తిట్టుకుంటున్నారు, ఏప్రిల్లో ఆయన పేరుకే ఈలలు వేశారు, ఆయన బింకానికి నవ్వారు. ఎక్కడో ఒకచోట ఆయన ఇంకా మూతి ముడుచుకుని కూర్చునే ఉన్నాడు అనిపించింది. దాన్ని చెడగొట్టడానికి నాకు చేతులు రాలేదు. చక్రాల గాలి సంగతి నేను అడిగింది నా కోసమే. నదీన్‌కి సముద్రం కావాలి, ఎవరినైనా బతిమాలి క్యారవాన్ లాగించుకుందామనుకున్నాను. మూత తీసి ఆయన రంగుతో రాసిన అంకె చూశాక ఇంక నా వల్ల కాలేదు.

ఫెర్నాన్, నీ ఉత్తరం ఆయన ఉన్నప్పుడు వచ్చి ఉంటే ఎంత నవ్వేవాడో. నిన్ను బాధపెట్టడానికి ఇది రాయడం లేదు. నిజంగా నవ్వేవాడు.

మిరేయ్

రూబే,
16 జూన్ 1975

మిరేయ్,

నాలుగు కాగితాలు పాడుచేశాను. నాకు మాటలు రాకపోవడం నువ్వెప్పుడైనా చూశావా?

ముందు నా కోపం చెప్పనీ, లేకపోతే ఉక్కిరిబిక్కిరై చస్తాను. మూడు నెలలు నన్ను పిచ్చిదాన్ని చేశావు. నువ్వు ఒక్కదానివీ ఆ ఇంట్లో ఆయన బట్టలు మడతపెట్టుకుంటుంటే, నేను ఇక్కడ కూర్చుని నామోషీ అనీ బింకమనీ వేళాకోళాలు రాశాను. పడీపడీ నవ్వానని కూడా రాశాను. ఆ ఉత్తరం నువ్వు ఎలా చదివావే? నాకు తెలిస్తే ఆ పూటే రైలెక్కేదాన్ని. పిల్లల్ని పొరుగింటావిడ మొహాన పడేసి వచ్చేసేదాన్ని. రానివ్వలేదు నువ్వు. నేను వచ్చి చేసేదేముంది అంటావేమో. ఏమీ లేదు. చిక్కుడుకాయలు వలిచేదాన్ని.

ఇప్పుడు కోపం లేదు. రాశాను, పోయింది.

మా ఆయనకి నేను చదివి వినిపించలేకపోయాను. ఆయనే తీసుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి చదివాడు. చదివిన కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత గుడ్డ తీసుకుని ఆ కొత్త కిటికీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఒక్క మరక లేదు దాని మీద. తుడుస్తూనే ఉన్నాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే, "కాఫీ మేమిద్దరం కలిసే తాగాం ఒడెట్. నాకు తెలుసు" అన్నాడు. అదే మాట మూడు నాలుగు సార్లు. ఏం చెప్పను? ఓదార్చడానికి ఒక్క మాట దొరకలేదు నాకు. నాకు!

చిన్నాడు గాస్టన్ పాత కార్డులన్నీ తెచ్చి బల్ల మీద పేర్చాడు. పదకొండు ఆల్చిప్పలు.

నిన్న భోజనాల దగ్గర మా ఆయన తల ఎత్తకుండా అన్నాడు, "మన క్యారవాన్ ఈ ఏడు షెడ్డులోనే ఉంటుంది. ఉత్త కారులో లిమోజ్ వెళ్దాం. గాస్టన్ క్యారవాన్ తగిలించుకుని లాగుదాం. ముప్పై ఏడులో నిలుపుదాం. ఆడవాళ్లూ నదీనూ అందులో పడుకుంటారు, నేనూ పిల్లలూ ముప్పై ఎనిమిదిలో గుడారం వేసుకుంటాం." నా అభిప్రాయం అడగలేదు, నీది కూడా అడగమనలేదు. వద్దంటే నాకు చెప్పు, ఆయనకి నేను చెబుతాను. కానీ వద్దనకు. ఇంకేం చెయ్యాలో ఆ మనిషికి తెలియడం లేదు, నాకూ తెలియడం లేదు.

పందిరిలో నీ సగం రైల్లో పంపకు. అక్కడ కలిపి కుడదాం. దారం నేను తెస్తాను.

ఒడెట్

లిమోజ్,
29 జూన్ 1975

ఒడెట్,

రండి. జూలై ముప్పై ఒకటికి భోజనం నా దగ్గరే.

నిన్న క్యారవాన్ తలుపు తీశాను. పోయిన ఆగస్టు తర్వాత తీయడం ఇదే. నేలంతా ఇసుక. చిమ్ముదామని చీపురు తెచ్చి అలాగే నిలబడ్డాను. నదీన్ వచ్చి, "ఉండనీ అమ్మా, మళ్లీ అక్కడికేగా వెళ్తాం" అంది. ఉంచేశాను. ఆల్చిప్పల బల్ల మంచం కింద ఉంది, మధ్యలో ఆల్చిప్పలు ఆనించే మేకుతో సహా. ఎర్ర కుర్చీ ఆయన నేయలేదు. నేనే నేశాను, ఒక పక్క జారింది, లావుగా ఉన్నవాళ్లు కూర్చోకూడదు. నేనేమీ నిన్ను అనడం లేదు.

చాలా భయంగా ఉంది. ఆ వరసలో వాళ్లంతా ఉంటారు. గాస్టన్ ఏడీ అని అడుగుతారు, ఎంతమందికి చెప్పాలి నేను? అంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. ఫెర్నాన్ క్యారవాన్‌ని ముప్పై ఏడులోకి వెనక్కి నడపాలి. వెనక ఒక మనిషి నిలబడాలి. నీకు కుడీ ఎడమా అసలే తెలియదు, నువ్వింకా నేర్చుకోవాల్సినవాటిలో అదొకటి. పిల్లల్ని నిలబెడితే నా గుండె ఆగుతుంది. కాబట్టి నేనే నిలబడతాను. ఆయన క్యారవాన్‌కి వెనక నేను కాక ఇంకెవరు నిలబడతారు?

నదీన్ పెరట్లో చక్రాల బండిని వెనక్కి నెడుతుంటే రోజూ సాధన చేస్తున్నాను. దాని తోక కుడికి పోవాలంటే నా కుడి చెయ్యా? నేను బండికి ఎదురుగా నిలబడ్డాను కదా, మరి ఫెర్నాన్‌కి అద్దంలో అది ఎడమలా కనిపించదా? రెండుసార్లు గులాబీ కంచెలోకి పంపించాను. నవ్వబోయి ఏడ్చేశాను. ఒడెట్, నేనూ తప్పు చెయ్యి ఎత్తితే? ఆయన క్యారవాన్ కూడా ఆ చెట్టుకే తగిలితే? ఏ చెయ్యి ఎత్తాలో ఫెర్నాన్‌ని అడిగి, విడమరిచి రాయించు. మరిచిపోకు.

మిరేయ్

రూబే,
5 జూలై 1975

మిరేయ్,

ఒడెట్ నీ ఉత్తరం చూపించింది.

ఏ చెయ్యి ఎత్తినా ఫరవాలేదు. ఎత్తకపోయినా ఫరవాలేదు. నాకు అద్దంలో కనబడేలా వెనక నిలబడు, చాలు.

నేను ఆపి, దిగి వచ్చి చూసుకుంటాను. ఎన్నిసార్లయినా దిగుతాను. వాన పడుతున్నా దిగుతాను.

ఫెర్నాన్